అడగకుండా గీసిన నవ్వు

మేడమీది గది
మార్చి 4, మంగళవారం. ఎండ. గాలి లేదు. కిటికీ బందులకు నూనె వేశాను.

అక్కకు,

దీనితోపాటు ఒక పత్రిక పంపుతున్నాను. పదిహేడో పేజీలో నా గురించి వేశారు. చూసి పక్కన పడేయి. నేను బొమ్మలు వేసిన మంత్రగత్తె పుస్తకం వచ్చి ఇరవై రెండేళ్ళు అయిందని కొత్త ముద్రణ వేస్తున్నారు. లోపలి బొమ్మల్లోంచి మంత్రగత్తె నవ్వే ముఖాన్ని పెద్దది చేసి అట్ట మీద పెడతారట. ఈ హడావిడంతా అందుకే.

విలేకరి అమ్మాయి వచ్చి రెండున్నర గంటలు కూర్చుంది. కూర్చున్నంతసేపూ నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. "మీకు స్ఫూర్తి ఎక్కణ్ణుంచి వస్తుందండీ?" అంటుంది. ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆరింటికి లేస్తాను. బల్ల తుడుస్తాను. డైరీలో తేదీ, వాతావరణం, చేసిన పని రాస్తాను. కలానికి పాళీ మారుస్తాను. కూర్చుంటాను. బొమ్మ వచ్చినా రాకపోయినా పన్నెండు దాకా లేవను. ఇది చెబితే ఆ అమ్మాయి మొహం వేలాడేసింది. "అది కాదండీ, లోపల ఏదో మెరుస్తుంది కదా" అంది. "మెరిసేది కొత్త పాళీ ఒక్కటేనమ్మా" అన్నాను. ఆ మాట వేయలేదు.

తరవాత గదంతా కలియజూసి ముఖాల పెట్టె పట్టుకుంది. నీకు దాని సంగతి తెలియదనుకుంటాను. మూసేసిన మందుల దుకాణంలో దొరికిన సొరుగుల పెట్టె. బస్సులోనో, టికెట్టు వరసలోనో ఎక్కడ ముఖం నచ్చితే అక్కడ చీటీ మీద గీసి జేబులో వేసుకుంటాను. ఇంటికొచ్చి సొరుగులో వేస్తాను. కోపానికి ఒకటి, భయానికి ఒకటి, అలసటకి ఒకటి, అలా పదకొండున్నాయి. కథకి ఏది కావాలంటే ఆ సొరుగు లాగుతాను. ఎవరినీ పలకరించను. అడిగితే ముఖం మారిపోతుంది. సిరాతో ఒకటే గీత గీస్తాను, దిద్దను, చెరపను. నాకున్న పద్ధతి ఇంతే. "ఇది ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని అడిగింది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, నాకు నేనే పట్టుకున్నాను అన్నాను.

ఫొటోలో నా చెవి పెద్దదిగా పడింది.

తమ్ముడు


మిషను దగ్గర
మార్చి 11

ఒరే ముంగీ,

పత్రిక అందింది. నా కళ్ళజోడు విరిగి ఉంటే మీ బావది లాక్కుని మరీ మూడుసార్లు చదివాను. నువ్వు పదిహేడో పేజీ అని రాశావు. పద్దెనిమిదో పేజీ మింగేశావు.

ఆ అమ్మాయి అడిగింది, మంత్రగత్తె నవ్వు మీకెక్కడ దొరికిందని. నువ్వేం చెప్పావో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, మర్చిపోయి ఉంటే చూసుకో. "తల్లి శవం పక్కన నిలబడి నవ్విన ఒక మనిషిని చూశాను. అంత భయంకరమైన నవ్వు మళ్ళీ ఎక్కడా చూడలేదు."

ఒక మనిషి. ఆ ఒక మనిషికి నువ్వు ఉత్తరాల్లో అక్క అని రాస్తావు.

ఆ పుస్తకం వచ్చినప్పటి నుంచీ మా ఇంట్లో ఉందిరా. నా కూతురికి చదివాను. ఇప్పుడు దాని కూతురికి చదువుతున్నాను. ఆ నవ్వు దగ్గరికి రాగానే పిల్ల నా చంకలో దూరుతుంది. పోయిన నెల బొమ్మ మీద వేలు పెట్టి, "అమ్మమ్మా, దీనికీ నీలాగే పన్ను మీద పన్నుంది" అంది. నేను నవ్వాను. నవ్వగానే పిల్ల వెనక్కి జరిగింది. వెనక్కి జరిగి ఒకసారి నన్నూ, ఒకసారి పుస్తకాన్నీ చూసింది. ఏదో పోలిక పడిందిలే, తమ్ముడు అంత పని చేస్తాడా అనుకున్నాను. చేశాడు. చేసి, దారినపోయే విలేకరికి చెప్పాడు. నాకు తప్ప.

నీకు ముంగి అని పేరు పెట్టింది నేనే. నోట్లో వేలు పెడితే కొరకలేడు అని ఊళ్ళో అందరితో చెప్పుకుని తిరిగాను. కొరికావు, అదీ కన్నుమూసిన అమ్మ పక్కన నిలబడ్డప్పుడు కొరికావు.

అట్ట మీద నా ముఖం పెట్టడానికి వీల్లేదు. లోపల ఉన్నది కూడా తీసేయి. ఆరేళ్ళ పిల్ల నన్ను చూసి వెనక్కి జరగడం ఒకసారి చూశాను, చాలు. ఇంక ఊళ్ళో పిల్లలందరూ జరగాలా?

అక్క


మేడమీది గది
మార్చి 15, శనివారం. మబ్బు. చెప్పు తెగితే కుట్టుకున్నాను.

అక్కకు,

నీ ఉత్తరం ఒక్కసారే చదివాను.

చీటీ మీద నీ పేరు రాయలేదు. ఇన్నేళ్ళలో ఒక్కరూ పోల్చుకోలేదు. బావ పోల్చుకోలేదు. రెండు తరాల పిల్లలకి చదివి వినిపించిన నువ్వే పోల్చుకోలేదు. పిల్ల పన్ను చూసింది, అంతే. దానికి నువ్వు ఊళ్ళో పిల్లలందరినీ పోగుచేశావు.

నా బొమ్మల గురించి నువ్వెత్తావు కాబట్టి నేనూ ఎత్తుతున్నాను. నాకు పదిహేనేళ్ళప్పుడు ఒక గుర్రం గీశాను. రెండు కాగితాలు అతికించి పందొమ్మిది రోజులు గీశాను. వీధిలోకి వెళ్ళి వచ్చేసరికి దాన్ని నువ్వు చొక్కా కాలరు నమూనాకి కత్తిరించేశావు. సరిగ్గా మెడ దగ్గర. "మంచి మందం కాగితంరా, వంగకుండా నిలబడింది" అన్నావు. అమ్మ నవ్వింది. కొలతలకి వచ్చినవాళ్ళు నవ్వారు. నేనేమన్నానో గుర్తుందా? ఏమీ అనలేదు. ఆ గుర్రం తల నీ కుట్టుమిషను పైన మేకుకి రెండేళ్ళు వేలాడింది. దాని కంటి మీద పదిహేనున్నర అని కొలత రాశావు. నేను రోజూ దాని ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను.

కత్తెర వేసే ముందు నన్ను అడిగావా?

ఆసుపత్రి నవ్వు నేను కల్పించలేదు. అమ్మ స్ట్రెచరు మీద ఉంది. మొహం మీద దుప్పటి కప్పి పది నిమిషాలు కాలేదు. నువ్వు ఆ కౌంటరు దగ్గర నిలబడి, తల వెనక్కి వేసి, నడవా మారుమోగేలా నవ్వావు. నేను చివర బెంచీ మీద ఉన్నాను. చేతికి మందుల చీటీ దొరికింది. గీశాను. నవ్వింది నువ్వు, గీసింది నేను. ఇందులో సిగ్గుపడాల్సింది ఎవరో నువ్వే తేల్చుకో.

అట్ట మారదు.

తమ్ముడు


మిషను దగ్గర
మార్చి 20

తమ్ముడూ,

గుర్రం సంగతి తప్పే. ఒప్పుకుంటున్నాను. నువ్వు ఆ రోజు అరిచి ఉంటే ఆ రోజే ఒప్పుకునేదాన్ని. నలభై మూడేళ్ళు కడుపులో దాచుకోవడం నీ గొప్ప.

ఇప్పుడు నాది విను. అమ్మ మంచాన పడ్డ మూడేళ్ళు నేను చూసుకున్నాను. నువ్వు నెలకో ఉత్తరం రాసేవాడివి. ఎండగా ఉందనీ, వాన పడిందనీ రాసేవాడివి. పక్కబట్టలు మార్చడం, వీపు తుడవడం, చెంచాతో గంజి పట్టడం, ఆ మధ్యలో మిషను. నా ఒంటికి నేను ఏం తొడుక్కున్నానో చూసుకోని రోజులు. నువ్వు ఆఖరి రోజు పొద్దున వచ్చావు. వచ్చి బెంచీ మీద కూర్చున్నావు. కాగితాల పని చూడమంటే, "నాకు ఇవి తెలియవక్కా" అన్నావు. కౌంటరు దగ్గరికి నేనే వెళ్ళాను.

గుమస్తా తల ఎత్తకుండా అడిగాడు. "చనిపోయినవారి పేరు?"

నేను నా పేరు చెప్పాను.

ఎందుకు చెప్పానో తెలీదు. పేరు అడిగారు, చెప్పాను. అతను రాసుకున్నాడు. "వయసు?" నలభై ఒకటి అన్నాను. రాసుకున్నాడు. "శవాన్ని తీసుకెళ్ళేది ఎవరు?" అన్నాడు. నేనే అన్నాను, మళ్ళీ నా పేరు చెప్పాను. అప్పుడు తల ఎత్తాడు. పుస్తకం చూశాడు, నన్ను చూశాడు. చాలా మర్యాదగా అన్నాడు. "మీరు చనిపోయారు కదమ్మా."

అప్పుడు నవ్వాను. మూడేళ్ళ తరవాత ఎవరో ఒకరు కనిపెట్టారు కదా అని నవ్వాను.

నువ్వు పదిహేను అడుగుల దూరంలో ఉన్నావు. లేచి వచ్చి "ఏంటక్కా?" అంటే చెప్పేదాన్ని. నువ్వూ నవ్వేవాడివేమో. రాలేదు. చీటీ వెతుక్కున్నావు. అడిగితే ముఖం మారిపోతుందని పత్రికలో పెద్ద పద్ధతిలా చెప్పావు. మారనీరా. మారితే నీ సొమ్మేం పోయింది?

ఇంకొకటి. ఒకటే గీత, నాకు నేనే పట్టుకున్నాను అన్నావు. నీకు పదకొండేళ్ళప్పుడు నా బల్ల కింద కూర్చునేవాడివి. నేను గుడ్డ మీద సుద్దతో గీత లాగితే తల బయటికి పెట్టి చూసేవాడివి. నీ చేతిలో సుద్దముక్క పెట్టి, "రెండో గీత గీయకు, కత్తెర దేని మీద వేయాలో తెలీదు" అని చెప్పింది ఎవరు? మణికట్టు కదపకు, భుజం కదుపు అని చెప్పింది ఎవరు? ఎవరూ కాదు. సరే. ఎవరూ కానిదానికి నీ పుస్తకంలో ముఖం ఎందుకు? తీసేయి.

అక్క


మేడమీది గది
ఏప్రిల్ 6, ఆదివారం. చినుకులు. పైకప్పు కారే చోట బకెట్టు పెట్టాను.

అక్కకు,

నీ ఉత్తరం అందింది. పని జరుగుతోంది. పాళీల డబ్బా తుప్పు పడితే కొత్తవి తెచ్చాను. ఆరోగ్యం బాగుంది. బావను అడిగానని చెప్పు.

తమ్ముడు


మిషను దగ్గర
ఏప్రిల్ 12

ఒరే,

చినుకులు పడ్డాయని రాశావు. సంతోషం. బకెట్టు నిండిందో లేదో అది కూడా రాయాల్సింది. పాళీలు తుప్పు పట్టాయట. నీ నోరు పట్టలేదా?

నేను నా గుండెలో మాట నాలుగు పేజీలు రాస్తే నువ్వు నాకు బకెట్టు పంపావు. అమ్మ ఉన్నప్పుడూ ఇదే చేశావు. ముఖం తీశావా, లేదా? ఒక్క ముక్క కార్డు మీద రాయి. లేకపోతే నేనే బస్సెక్కి నీ ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళి, ఎదురుగా నిలబడి నవ్వుతాను. పోల్చుకుంటాడో లేదో చూద్దాం.

అక్క


మేడమీది గది
ఏప్రిల్ 19, శనివారం. ఉక్క. కుళాయి వాషరు మార్చాను.

అక్కకు,

ముఖం తీయలేదు. తీయాలని ప్రయత్నించాను. ఉన్నది రాస్తాను.

మార్చి ఇరవై ఏడున ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళాను. అట్ట నమూనా గోడకి అంటించి ఉంది. నీ నవ్వు తలుపంత ఉంది. దీన్ని మార్చాలి అన్నాను.

"ఈ నవ్వు తీసేస్తే పుస్తకంలో ఏముందండీ, చీపురు తప్ప?" అన్నాడు.

"ఇది ఒకరి ముఖం."

"ముఖమన్నాక ఎవరో ఒకరిదే కదా. ఏం, కేసు వేస్తారా?"

"వేయరు. వచ్చి నవ్వుతారు."

అతనికి అర్థం కాలేదు. నేను ఆ మాట అన్నది నీ బెదిరింపు అందక ముందే. నువ్వెలా మాట్లాడతావో నాకు తెలుసన్నమాట. చివరికి, "బొమ్మ మాది, రాసిచ్చారు. మే పదిహేను లోపల ఇంతకంటే మంచిది తెండి, వేస్తాను. లేదంటే ఇదే" అన్నాడు. నాకు అతని బల్ల తిరగేయాలనిపించింది. గొడుగు తీసుకుని వచ్చేశాను.

అద్దం పెట్టుకుని నా నవ్వు గీశాను. పన్ను నొప్పివాడిలా వచ్చింది. పెట్టెలో ఇంకో ఆడమనిషి ముఖం వెతుకుదామని సొరుగులన్నీ నేల మీద బోర్లించాను. కోపం సొరుగులో నలభై మూడు చీటీలున్నాయి. పందొమ్మిది నీవి. అలసటలో సగానికి పైగా నువ్వే. మొండితనం సొరుగులో నువ్వు తప్ప ఎవరూ లేరు, ఒక గాడిద ఉంది. ఏడు కథల్లో రాణి నువ్వే. చేపలమ్మే మనిషి నువ్వే. ఆరో తరగతి పాఠ్యపుస్తకంలో బెత్తం పట్టుకున్న టీచరు నువ్వే. తెలివైన నక్కకి కళ్ళు నీవి. నాకే తెలియదు. ఏ ముఖం గీసినా చెయ్యి అటే పోయింది. నిన్ను తీసేస్తే ముప్ఫై ఏళ్ళ పనిలో నాకు మిగిలేది మగవాళ్ళూ, చెట్లూ.

చీటీల మధ్య నేల మీద కూర్చుంటే నీ మీద కోపం తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది.

సుద్ద సంగతి నిజం. ఆ అమ్మాయి అడిగినప్పుడు గుర్తు రాక కాదు. గుర్తొచ్చే చెప్పలేదు. చెబితే నా పని మొత్తం నీ బల్ల కిందే మొదలైందని ఒప్పుకున్నట్టే. గుర్రాన్ని కత్తిరించినదానికి ఆ మాట దక్కనివ్వకూడదని పదిహేనేళ్ళప్పుడు అనుకున్నాను. అనుకున్నది వదల్లేదు.

నలభై ఒక్క కొత్త నవ్వులు గీశాను. ఒక్కటీ నవ్వులా లేదు. పోనీ పాతది ఒకసారి చూద్దామని మందుల చీటీ తీశాను. గీత అదే, పన్ను అదే. భయం మాత్రం కనబడలేదు. "మీరు చనిపోయారు కదమ్మా" అన్న మాట వినబడుతోంది. ఇరవై రెండేళ్ళు నాకు అన్నం పెట్టిన బొమ్మ అది. ఒక్క ఉత్తరంతో చెడగొట్టావు. ఇప్పుడు పాతది ఉంచలేను, కొత్తది గీయలేను. ఏం చేయాలో నువ్వే చెప్పు.

తమ్ముడు


మిషను దగ్గర
ఏప్రిల్ 26

ముంగీ,

గాడిద సంగతి తరవాత చూస్తాను.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. "ఇంత మాట్లాడగలడా వీడు?" అన్నారు. నేను మాత్రం మెత్తబడలేదు. ఏడు కథల్లో రాణిని అయ్యుండి, ఇంతకాలం నాకు ఒక్క పుస్తకం మీద కూడా "అక్కకు" అని రాసి ఇవ్వలేదు నువ్వు. అన్నిటికీ సంతకం ఒకటే, ముద్ర గుద్దినట్టు.

సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. నవ్వు అలాగే ఉంచు. దేన్ని చూసి నవ్వుతోందో అది గియ్యి.

పుస్తకం ముందు పెట్టుకుని చూశాను. మంత్రగత్తె ఒక్కతే ఉంది, చుట్టూ నల్లగా సిరా పూశావు. ఎందుకు పూశావో నాకు తెలుసు. అక్కడ ఏముందో నీకు తెలియక పూశావు. కొలత తప్పిన చోట నేనూ ఒక మడత పెట్టి దాస్తాను, ఆ దొంగతనం నాకు కొత్త కాదు. ఆ నలుపు తీసేయి. అక్కడ ఒక బల్ల వేయి. లావుపాటి పుస్తకం ఒకటి పెట్టు. ఒక గుమస్తాను కూర్చోబెట్టు. మంత్రగత్తె చచ్చిపోయిందని పాపం రాసేసుకున్నాడు. ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది. అంతే.

మా పిల్లకి చెప్పి చూశాను. కాసేపు ఆలోచించి, "ఆవిడ ఇక్కడే ఉందిగా, చూసుకోవద్దా?" అని గుమస్తా మీద కోప్పడింది. తరవాత నవ్వింది. నా పక్కనే కూర్చుని నవ్వింది.

కానీ ఆ గుమస్తా ఎలా ఉంటాడో నీకు తెలీదు. నువ్వు నన్నే చూస్తున్నావు. అతన్ని చూసింది నేను. ఎవడో బస్సులోవాడి ముఖం తెచ్చి అతికించావంటే ఊరుకోను. కావాలంటే అడుగు. పత్రికకి కూడా రాయి, ఎవరూ నేర్పలేదన్నది అబద్ధమని. వేస్తారో లేదో వాళ్ళిష్టం. రాయడం నీ వంతు.

ఇదంతా చదివి అక్క చల్లబడిందనుకోకు.

అక్క


మేడమీది గది
మే 3, శనివారం. ఎండ, కొంచెం గాలి. దుప్పట్లు ఉతికి ఆరేశాను.

అక్కకు,

పత్రికకి నాలుగు వాక్యాలు రాసి పంపాను. ఒకటే గీత పద్ధతి బట్టలు కుట్టే మా అక్క దగ్గర నేర్చుకున్నానని రాశాను. ఆ నవ్విన మనిషి కూడా ఆవిడేనని రాయలేదు. అది చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం.

బల్ల గీశాను. పుస్తకం గీశాను. గుమస్తా దగ్గర చెయ్యి ఆగింది. కాబట్టి అడుగుతున్నాను.

అతను ముసలివాడా, వయసువాడా? కళ్ళజోడు ఉందా? తల ఎత్తినప్పుడు కుర్చీలోంచి లేచాడా, అలాగే కూర్చున్నాడా? కలం ఏ చేతిలో ఉంది? నువ్వు నవ్వితే భయపడ్డాడా, అతనూ నవ్వాడా? నీ పేరు కొట్టేసినప్పుడు ఒక గీతతో కొట్టాడా, మళ్ళీ మళ్ళీ గీసి కొట్టాడా? కింద అమ్మ పేరు రాయడానికి చోటు సరిపోయిందా?

ఇక్కడికి బొమ్మకి కావలసినవి అయిపోయాయి. మిగతావి బొమ్మకి అక్కర్లేదు.

ఆ మూడేళ్ళలో మధ్యాహ్నం పూట నువ్వు ఎన్నింటికి తినేదానివి? అమ్మ ఏ పక్కకి తిప్పితే మూలిగేది? నా ఉత్తరాలు ఆవిడకి చదివి వినిపించావా? ఎండలూ వానలూ కూడా చదివావా? ఏమనేది?

నవ్వు ఆగాక నువ్వేం చేశావు? నాకు తెలియదు. నేను అప్పటికే చీటీ జేబులో పెట్టుకుని మెట్లు దిగాను.

దీనికి జవాబు కాగితం మీద వద్దు. ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు, చేత్తో తెస్తున్నాను. పదకొండింటికి బస్సుంది. కలం తేవడం లేదు. నువ్వు చెబుతున్నంతసేపూ గీయను. నీ మీద కోపం అలాగే ఉంది, అదీ తెస్తున్నాను. ముందు ఈ ఉత్తరం తలుపు కిందనుంచి తోస్తాను, తీసేటప్పుడు నీకు తెలిసి ఉండాలని.

పది అయింది. సిరా సీసా మూత బిగించాను. వెనక కిటికీ వేశాను. దుప్పట్లు ఆరాయి, తీసి మడత పెట్టాను. బయల్దేరుతున్నాను.

తమ్ముడు